ఈల మ్రోగకముందటి కొలువు

కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరుల మీదుగా తిరుపతికి పోవు బస్సుల కొరకు మూటాముల్లెలతో జనము వేచియుండెడి కె.ఆర్.పురమునందు, కన్నడముతోపాటు తెలుగును అంతే చనువుగా వినవచ్చు ఆ కూడలియందు, తీగలవంతెనయు, దాని క్రింది రైలుపట్టాలును, తలమీది మెట్రోయు, నడుమ ఎడతెగని వాహనముల వరుసయు కన్నులను చెవులను కూడ ఆక్రమించుకొనుటచేత, పాత మద్రాసు రోడ్డు ప్రక్కన పరచుకొనియున్న దూరవాణినగరమును తేరిపార జూచు తీరిక ఎవ్వరికిని ఉండదు. 1948లో స్థాపితమై, దేశమునందలి ఇండ్లకును కచేరీలకును దశాబ్దముల తరబడి టెలిఫోనులను సమకూర్చిన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ కర్మాగారము అక్కడిదే. ఆ కర్మాగారమునకు ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండెడిది. 1977లో ఫెడరేషన్ కప్పు అను అఖిలభారత పోటీని మొట్టమొదటిసారి నడపినప్పుడు, తుదిపోరులో మోహన్ బగాన్‌ను 1–0తో ఓడించి ఆ కప్పును బెంగళూరికి తెచ్చినది ఈ టెలిఫోను ఉద్యోగుల జట్టే. ఓడినవారు సామాన్యులు కారు: అదే యేడు సెప్టెంబరు మాసమున, పెలే దిగిన న్యూయార్క్ కాస్మాస్‌తో ఈడెన్ గార్డెన్స్‌లో 2–2గా సమము నిలిచిన జట్టు అది, దానికి శిక్షకుడు, మన హైదరాబాదు రహీం సాహెబు చేతిలో తీరిన పి.కె. బెనర్జీ.

ఆ గెలుపును గూర్చి నేడు దొరకునది స్కోరు, ప్రత్యర్థి పేరు, ఊరి పేరు. తొంబది నిమిషములు నిలబడగలిగిన ఆ కాళ్లను నిలబెట్టినవారెవరు, తెల్లవారకమునుపే ఈ నేలమీద ఆ కుర్రవాండ్రను పరుగెత్తించినవారెవరు, మోకాలు బెణికినవానిని రెండు వారములు కూర్చుండబెట్టి మూడవ వారమున మెల్లగా లేపినవారెవరు అన్న ప్రశ్నకు పత్రికల దస్త్రములు జవాబు చెప్పవు. పెండ్లి ఫొటోలలో వంటవాడు కనబడనట్లే, ఆటల చరిత్రలో ఈ మనిషి కనబడడు. ఈల మ్రోగకముందే అతని పని ముగిసిపోవుట దీనికి కారణము. అమెరికావారు ఇతనిని స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ కోచ్ అని గొప్పగా పిలిచి, జట్టులోని రెండవ పెద్దమనిషిని చేసి కూర్చుండబెట్టిరి. మన మైదానములలో ఇతడు ట్రైనరు, ఫిట్‌నెస్ కోచ్, పీడీ గారు, కొంచెము వెనుకకు పోయినచో డ్రిల్లు మాస్టారు. ఈ వ్యాసమున నేనతనిని దేహశిక్షకుడు అందును.

నెబ్రాస్కాలో పుట్టిన ఉద్యోగము

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అనగా మన కాలిబంతి కాదు. కోలగానుండు బంతిని చంకనిడుకొని, అడ్డువచ్చినవానిని ఢీకొని పడగొట్టుచు గజము గజముగా ముందుకు సాగు ఆట అది. విశ్వవిద్యాలయముల జట్ల మధ్య శనివారములయందు జరుగు ఈ పోటీలకు వచ్చు జనసమ్మర్దమును మన క్రికెట్టు మైదానములలో చాలభాగము ఓర్వజాలవు. మిషిగన్ విశ్వవిద్యాలయపు క్రీడాంగణమొక్కదానిలోనే లక్షమందికి పైగా కూర్చుందురు. ఇంతటి బలప్రధానమైన ఆటలోను 1950ల వరకు బరువులెత్తుటను నిషిద్ధముగా భావించిరనిన నేటివారికి నమ్మశక్యము కాదు. బరువులెత్తినవాని కండరములు బిగిసిపోయి వేగము నశించునని శిక్షకులు గాఢముగా విశ్వసించెడివారు. లూసియానా రాష్ట్రమునందలి బాటన్ రూజ్‌లో వ్యాయామశాల నడుపుచుండిన ఆల్విన్ రాయ్, ఆ నమ్మకమును మొదట ఇస్ట్రూమా అను ఉన్నతపాఠశాలలో పరీక్షకు పెట్టెను. 1955లో ఆ బడి జట్టు ఓటమి యెరుగక రాష్ట్రవిజేత యయ్యెను. పిదప లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయము అతనిని పిలిచెను. 1958లో ఆ జట్టు జాతీయవిజేత.

అయినను, జీతము పుచ్చుకొను కొలువుగా ఈ వృత్తి పుట్టినది 1969లో, నెబ్రాస్కా విశ్వవిద్యాలయమున. బాయిడ్ ఎప్లీ అను విద్యార్థి పోల్‌వాల్ట్ ఆటగాడు. వెన్నునొప్పిచేత ఆటకు దూరమై, బరువుల గదిలో ఒంటరిగా తన్ను తాను బాగుచేసికొనుచుండగా, గాయపడి అదే గదికి పంపబడిన ఫుట్‌బాల్ కుర్రవాండ్రు అతని తీరు చూచి అనుకరింపసాగిరి. వారు మునుపటికన్న బలిష్ఠులై తిరిగివచ్చుట గమనించినవాడు, అప్పటికి సహాయశిక్షకుడుగానుండి తరువాత మహాశిక్షకుడైన టామ్ ఆస్‌బోర్న్. ప్రధానశిక్షకుడైన బాబ్ డెవనీకి ఈ సంగతి రుచింపలేదు. ఒక్క ఆటగాడు మందగించినను నీ కొలువు ఊడునని హెచ్చరించియే ఎప్లీని చేర్చుకొనెను. 1970, 1971లలో నెబ్రాస్కా వరుసగా జాతీయవిజేత యయ్యెను. దానితో ఇతర విశ్వవిద్యాలయములకు కన్ను కుట్టెను, బరువుల గదులు వెలసెను, వాటికొక్కొక్క అధిపతి వెలసెను. 1978లో ఇట్టివారు 76 మంది లింకన్ నగరమున కూడి సంఘము స్థాపించుకొనిరి. 1985 నుండి ఆ సంఘము పరీక్ష పెట్టి యోగ్యతాపత్రము నిచ్చుచున్నది. బెంగళూరు కుర్రవాండ్రు కొందరు రాత్రులు మేల్కొని చదువు సి.ఎస్.సి.ఎస్. పరీక్ష అదియే.

డెవనీ హెచ్చరికలో ఈ వృత్తి జాతకమంతయు ఉన్నదని నా అభిప్రాయము. దేహశిక్షకుడు ఎవరికి జవాబు చెప్పవలెను? ఆటగాని దేహమునకా, ప్రధానశిక్షకుని కోరికకా? ప్రధానశిక్షకుడు నియమించెను, కావున అతని గెలుపుతో ఇతని బ్రతుకు ముడిపడెను. ఆ పెద్దవానిని సాగనంపిన రోజున, పదిమంది సహాయకులతోపాటు ఇతడును పెట్టె సర్దుకొనును. క్రొత్తగా వచ్చువాడు తనవానిని వెంటబెట్టుకొని వచ్చును. ఒక ఊరి బడిలో పిల్లలను చేర్చి, ఇల్లు కొనుక్కొని, అయిదేండ్లు స్థిరముగా నివసించిన దేహశిక్షకుడు ఆ వృత్తిలో అదృష్టవంతుడు.

మొదలు కూడ అంత సుఖమైనది కాదు. శరీరవ్యాయామశాస్త్రమున పట్టము పుచ్చుకొని, జీతము లేని శిష్యరికముతో ప్రారంభించి, చెమటతో తడిసిన బల్లలు తుడుచుచు, ఇనుపబిళ్లలను వరుసకు పేర్చుచు, ఉదయము అయిదు గంటలకు తలుపు తీసి రాత్రి అందరికన్న చివర తాళము వేయు పనులలో రెండు మూడేండ్లు గడపినపిమ్మట, సహాయకుడని పిలిపించుకొను యోగము పట్టును. పైమెట్టు చేరినవాని ఐశ్వర్యము మాత్రము వేరు. అయోవా విశ్వవిద్యాలయమున చాలకాలము పనిచేసిన ఒక దేహశిక్షకునికి యేడాదికి 8 లక్షల డాలర్ల జీతము ముట్టుచుండెను. ఆశ్చర్యపడనక్కరలేదు. అమెరికా కాలేజీ క్రీడల సంఘమైన ఎన్.సి.ఏ.ఏ. నియమము ప్రకారము, పోటీల కాలములో ఆటగాండ్రను వారానికి 20 గంటలకు మించి పనిచేయింపరాదు. పోటీలు లేనప్పుడు ప్రధానశిక్షకుడు వారితో గడపగల సమయము మరింత తక్కువ. వేసవిలో, పోటీలు లేని నెలలలో, ఆ పిల్లలను దినదినము కండ్లజూచువాడు దేహశిక్షకుడు. ఎవడు సోమరి, ఎవని ఇంట కలతలు, ఎవడు అన్నము సరిగా తినుట లేదు అను విషయములు ఇతనికి తెలిసినంత మరెవ్వరికిని తెలియవు. కాగా జట్టు శీలమును మలచువాడు ఇతడే యని ప్రధానశిక్షకులు బాహాటముగా చెప్పుదురు.

బలము దారి తప్పినచోట

ఇంతటి అధికారమునకు పగ్గము లేకున్న ఏమగునో ఆ దేశపు చరిత్రయే చెప్పుచున్నది. ఆల్విన్ రాయ్ మార్గదర్శి. కాని 1963లో సాన్ డియాగో ఛార్జర్స్ అను వృత్తిజట్టులో చేరినపుడు, భోజనపు బల్లమీద ఆటగాండ్ర పళ్లెములప్రక్కన డయనబాల్ అను స్టెరాయిడు మాత్రలను ఉంచుట ఆరంభించినవాడును ఆతడే. మొదటి తరమునుండియే ఈ వృత్తికి వెన్నంటివచ్చుచున్న నీడ అది. 2011 జనవరిలో అయోవాలో, సెలవుల తరువాతి కఠోరసాధనకు పిదప 13 మంది ఆటగాండ్రు ఆసుపత్రి పాలైరి. బరువు భుజాన మోయుచు నూరు గుంజిళ్లు తీయుట ఆ సాధనలో ఒక భాగము. శ్రమ హద్దు మీరినపుడు కండరకణములు చితికి, అందలి పదార్థము రక్తములో కలిసి మూత్రపిండములను స్తంభింపజేయవచ్చును. మూత్రము ముదురు గోధుమవర్ణమునకు తిరుగుట దాని ముఖ్యమైన గుర్తు. ఈ ఒక్క లక్షణమును ప్రతి వ్యాయామశాల గోడమీదను వ్రాయింపవలెను.

2018 మే 29న మేరీలాండ్ విశ్వవిద్యాలయమున, 110 గజముల పరుగులు వరుసగా తీయుచుండగా 19 ఏండ్ల విద్యార్థి ఒకడు వడదెబ్బకు కూలిపోయి, జూన్ 13న మరణించెను. వడదెబ్బకు చికిత్స ఏమియు దేవరహస్యము కాదు: మంచునీటి తొట్టిలో ముంచి, ముందుగా చల్లార్చి, పిమ్మట ఆసుపత్రికి తరలింపవలెను, అర్ధగంటలోపల చల్లార్చగలిగినచో ప్రాణము దక్కుట దాదాపు నిశ్చయము. ఆ దినమున తొట్టిలో ముంచుట జరుగలేదని స్వతంత్ర విచారణ తేల్చినది. విశ్వవిద్యాలయము బాధ్యత ఒప్పుకొనెను; దేహశిక్షకుడు రాజీనామా ఇచ్చెను; కొన్ని నెలలకు ప్రధానశిక్షకుడును తొలగింపబడెను.

మన పాఠకులకు మరింత దగ్గరి ఉదంతము 2006 నాటిది. టెక్సాస్‌లోని రైస్ విశ్వవిద్యాలయమున, నూరుగజముల పరుగులు పదునారు తీసిన పిమ్మట 19 ఏండ్ల ఆటగాడొకడు కుప్పకూలి మరునాడు చనిపోయెను. అతని రక్తమున సికిల్ సెల్ లక్షణము ఉండెనని, అది ఎవ్వరికిని తెలియదని తరువాత బయటపడినది. తలిదండ్రులలో ఒకరినుండి మాత్రమే ఆ జన్యువు సంక్రమించినవారు సాధారణజీవితమున ఆరోగ్యవంతులే. విరామము లేని తీవ్రశ్రమలో మాత్రము వారి ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి రక్తప్రవాహమును అడ్డగింపవచ్చును. ఈ మరణము నిమిత్తముగా 2010 నుండి ఎన్.సి.ఏ.ఏ. తన మొదటిశ్రేణి ఆటగాండ్రకు ఆ పరీక్షను తప్పనిసరి చేసినది. మన విశాఖ మన్యమునందును, ఆదిలాబాదు గిరిజనప్రాంతములందును ఈ జన్యువు ఉన్నది; 2023 జులైలో కేంద్రప్రభుత్వము సికిల్ సెల్ నిర్మూలనకై ప్రత్యేక ఉద్యమమును ఆరంభించినది కూడ ఇట్టి ప్రజలకొరకే. పాడేరు, ఉట్నూరుల నుండి క్రీడాపాఠశాలలకు వచ్చు పిల్లలను పరుగెత్తించు మాస్టరులలో ఎందరి చేతిలో ఆ పరీక్షాఫలితమున్న కాగితము ఉండునో ఊహింపుడు. వారిని పరుగెత్తింపరాదని కాదు నా మాట. నడుమ విరామమిచ్చి, నీరిచ్చి, అలసితినన్నవానిని సోమరియని తిట్టక కూర్చుండనిచ్చినచో వారును అందరివలె ఆడగలరు.

ఇట్టి మరణముల పిమ్మట అమెరికావారు, దేహశిక్షకుడు ఎవరికి జవాబు చెప్పవలెనను మొదటి ప్రశ్నకే తిరిగివచ్చిరి. వైద్యసిబ్బంది నిర్ణయమును శిక్షకులు త్రోసిపుచ్చరాదని పెద్ద విశ్వవిద్యాలయములు నియమము చేసికొనెను. 2019లో ఎన్.సి.ఏ.ఏ. వెలువరించిన సిఫారసులలో, సెలవులనుండి తిరిగివచ్చినవారికి శ్రమను క్రమముగా పెంచవలెననియు, వ్యాయామమును శిక్షగా విధింపరాదనియు చెప్పబడినది. వ్యాయామమును శిక్షగా విధించుట! మన బడులలో ఆలస్యముగా వచ్చినవాని చేత మైదానము చుట్టు పరుగులు తీయించుట ఎరుగనివారెవరు?

డ్రిల్లు మాస్టరుల పరంపర

మనకు ఈ విద్య క్రొత్త కాదు. దాని కొలువే నిలువలేదు. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ల కోడి రామమూర్తి నాయుడు గారిని మనము కలియుగభీముడనియు, రొమ్ముమీద ఏనుగును ఎక్కించుకొన్న సర్కసు యజమాని యనియు తలచుకొందుము. విశాఖ సముద్రతీరమున ఆయన విగ్రహమున్నది. కాని వీరఘట్టమున పుట్టిన ఆ మల్లుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, తిరిగివచ్చి విజయనగరమున డ్రిల్లు మాస్టరు ఉద్యోగము చేసినవాడను సంగతి తక్కువమందికి తెలియును. అంతటివాడు ఆ కొలువులోనే నిలిచియుండినచో ఆ బడిలోనుండి ఎందరు మల్లులు వెలువడెడివారో! సర్కసు డేరా ఇచ్చిన కీర్తిని బడి ఇవ్వజాలదయ్యెను. 1920లో హారీ క్రో బక్ మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామకళాశాలను నెలకొల్పిన పిదపనే దక్షిణదేశపు పాఠశాలలకు శాస్త్రము చదివిన వ్యాయామోపాధ్యాయులు లభించుట మొదలయ్యెను.

కె.ఆర్.పురము మీదుగా పోవు ఈ పాత మద్రాసు రోడ్డు వెంబడినే, కోలారు జిల్లా దేవరాయసముద్రమునుండి కె.వి. అయ్యర్ బెంగళూరికి వచ్చెను. 1930లలో ఆయన వ్యాయామశాల దక్షిణభారతమున ప్రసిద్ధము. మైసూరు మహారాజు కృష్ణరాజ ఒడయరు కూడ ఆయన వద్ద సాధన చేసిరి. ఉత్తరముల మూలమున దేశమంతటి శిష్యులకు పాఠములు పంపినవాడు, ఒకవైపు బరువులును మరొకవైపు సూర్యనమస్కారములును కలిపి నేర్పినవాడు, పైగా కన్నడమున శాంతల అను నవల వ్రాసినవాడు. దేహమును పెంచువాని బుద్ధి మొద్దుబారునను అపవాదమునకు ఈయన జీవితమే సమాధానము. అయ్యర్ గారి చూపు మాత్రము సౌష్ఠవము మీద; ఆట మీద కాదు.

ఆటకొరకు దేహమును మలచిన మహనీయుడు మన ప్రాంతమున సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదున జన్మించి, ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలలో ఉపాధ్యాయుడై, ఉద్యోగము చేయుచునే వ్యాయామవిద్యలో డిప్లొమా పుచ్చుకొన్నవాడు. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు తెచ్చిపెట్టినవాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో చాలమంది వట్టికాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిన జట్టును, నాలుగేండ్లకు మెల్బోర్న్‌లో సెమీఫైనలు వరకు నడిపించినవాడు. ఎడమకాలు బలహీనమైన పిల్లలకు ఎడమకాలితో మాత్రమే ఆడు పోటీలు, బంతిని దాచుకొను అలవాటు గలవారికి డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టి, బలహీనతనే పాఠముగా చేసెను. 1962 జకార్తా ఆసియా క్రీడల తుదిపోరునకు వచ్చునప్పటికి, తలకు కుట్లు పడిన డిఫెండరు జర్నైల్ సింగును ముందువరుసలో నిలిపెను. అతడు గోలు చేసెను, భారతము దక్షిణకొరియాను 2–1తో గెలిచెను. మరుసటి జూన్‌లో క్యాన్సరు ఆయనను తీసికొనిపోయెను. ప్రధానశిక్షకుడు, వ్యూహకర్త, దేహశిక్షకుడు, సంఘకార్యదర్శి, ఉపాధ్యాయుడు అన్నియు ఒక్క మనిషియే. అది మహిమ యని పొగడుటకు ముందు, ఆ బరువంతయు ఒక్కని నెత్తిన ఎందుకు పెట్టితిమో ఆలోచింపవలసియున్నది.

ఏడాది పొడుగునా ఏమి చేయును?

చూచువారికి దేహశిక్షకుని పని కేకలు వేయుటగా కనబడును. నిజమునకది పంచాంగము వ్రాయుటవంటి లెక్కల పని. కాలిబంతి ఆటగాడు ఒక పోటీలో 10 నుండి 12 కిలోమీటర్ల దూరము తిరుగును. అందు అత్యధికభాగము నడకయు మందగతి పరుగును. గెలుపోటములను నిర్ణయించునవి కొన్ని క్షణముల మెరుపుపరుగులు, ఎగురుటలు, హఠాత్తుగా ఆగి దిశ మార్చుటలు. ఆ క్షణములకొరకు సంవత్సరమును ఖండములుగా విభజింపవలెను. పోటీలు లేని మాసములలో గుంజిళ్లు, నేలనుండి బరువెత్తుట మొదలైన వాటితో మూలబలము పెంచుట. పోటీలు దగ్గరపడగా బరువు తగ్గించి వేగము పెంచుట. పోటీల నడుమ సంపాదించినది పోకుండ కాపాడుట. పిదప దేహమునకు నిజమైన విశ్రాంతి. దమ్మును కొలుచుటకు ఇరువది మీటర్ల దూరము పోయివచ్చుచు, పది సెకనులు ఆగుచు, బీప్ శబ్దమునకు తగినట్లు వేగము పెంచుకొనుచు పోవు యో-యో పరీక్ష పెట్టుదురు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ బాంగ్స్‌బో రూపొందించిన ఆ పరీక్షకు కావలసినవి నాలుగు గుర్తులు, ఒక ఫోను మాత్రమే.

ఖరీదైన యంత్రములు లేనిదే ఈ విద్య సాగదనుకొనుట పొరపాటు. తొడవెనుక కండరము చిట్లుట కాలిబంతిలో అత్యంత సాధారణమైన గాయము. మోకాళ్లమీద కూర్చుండి, చీలమండలను తోటివాడు పట్టుకొనగా, మొండెమును నిటారుగా నుంచి మెల్లమెల్లగా ముందునకు వాలు నార్డిక్ వ్యాయామము ఆ గాయములను దాదాపు సగమునకు తగ్గించునని పరిశోధనలు తేల్చినవి. దానికి కావలసినది చాప. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య తయారుచేసిన ఫీఫా 11+ అను ఇరువది నిమిషముల సన్నాహము ఉచితముగా లభించును. వారానికి రెండు మూడుమార్లు క్రమముగా చేసిన జట్లలో గాయములు స్పష్టముగా తగ్గినవి. ఈ రెంటిని ఎరుగని కాలేజీలు ఇంకను ఉన్నవనిన, లోపము ధనమునది కాదు.

తిండి విషయమున మాత్రము లోపము నిజమైనదే. తీవ్రసాధన చేయువానికి రోజునకు శరీరపు ప్రతి కిలో బరువుకు 1.4 నుండి 2 గ్రాముల ప్రొటీను అవసరము. అరువది కిలోల కుర్రవానికి 84 నుండి 120 గ్రాములన్నమాట. ఒక గ్రుడ్డులో ఉండునది సుమారు 6 గ్రాములు. కె.ఆర్.పురము సందులలోని పీజీ హాస్టళ్లలో ఉదయము లెమన్ రైస్, మధ్యాహ్నము నీళ్ల సాంబారు, రాత్రి మరల అన్నము తినుచు కాలేజీ జట్టులో ఆడు మదనపల్లె, అనంతపురము పిల్లలకు ఆ లెక్క ఎట్లు కుదురును? పప్పు రెండింతలు, పెరుగు, వేరుశనగలు, నాలుగు గ్రుడ్లు, వీలైన రోజున చికెను అని దేహశిక్షకుడు కాగితము మీద వ్రాసియిచ్చును. ఆ తిండి హాస్టలు నెలబాడుగలో ఇమడదు. ఖరీదైన పౌడరు డబ్బా కన్న ఆ నాలుగు గ్రుడ్ల ఏర్పాటు చేయించగలవాడే నా దృష్టిలో సమర్థుడు.

ఇక్కడ, ఇప్పుడు

2013లో పుట్టిన బెంగళూరు ఎఫ్.సి. మొదటి యేటనే ఐ-లీగు గెలిచి దేశమును ఆశ్చర్యపరచెను. ఆష్లీ వెస్ట్‌వుడ్ ప్రధానశిక్షకుడుగా ఉన్నపుడు, మాల్కం పర్చేస్ అను విదేశీయుడు దేహశిక్షణభారము వహించెను. ఆటగాని సాధన, కొలత, తిండి, నిద్ర అన్నియు ఒక్క లెక్కలోనికి తేవచ్చునని ఈ నగరపు కుర్రవాండ్రు కండ్లారా చూచుట అదియే మొదలు. 2016 నవంబరులో ఆ జట్టు ఏ.ఎఫ్.సి. కప్పు తుదిపోరు వరకు పోయి, దోహాలో ఇరాకు వాయుసేన జట్టు చేతిలో 1–0తో ఓడినది. భారతీయ క్లబ్బు ఏదియు అంతకుముందు అక్కడివరకు పోలేదు. 2023 మార్చిలో రియాద్‌లో కర్ణాటక జట్టు మేఘాలయను 3–2తో గెలిచి, 54 ఏండ్ల తరువాత సంతోష్ ట్రోఫీని తెచ్చెను. ఈ కోలాహలమును చూచి, దేహశిక్షణ ఒక జీవనోపాధి కాగలదని నమ్మిన యువకులు బెంగళూరున తక్కువ లేరు.

వారి యెదుటనున్న దారులు మూడు. మొదటిది పాతది: బి.పి.ఎడ్., ఎం.పి.ఎడ్. చదివి కాలేజీలో ఫిజికల్ డైరెక్టరగుట. ఉద్యోగము స్థిరము, కాని ఆ పీడీ గారు క్రికెట్టు, కబడ్డీ, వాలీబాలు, చెస్సు, కాలేజీ వార్షికోత్సవపు షామియానా, అన్నిటికిని ఒక్కడే దిక్కు. అతనిని నార్డిక్ వ్యాయామము గూర్చి అడుగుటకు నాకు నోరు రాదు. రెండవది పటియాలా జాతీయక్రీడాసంస్థ డిప్లొమా గాని అమెరికా పరీక్ష గాని పుచ్చుకొని వృత్తిజట్టులో చేరుట. జీతము మంచిది, ఒప్పందము సీజనుకొక్కటి. 2025లో ఇండియన్ సూపర్ లీగు ఒప్పందముల చిక్కుచేత నిలిచిపోగా, ఆగస్టులో బెంగళూరు ఎఫ్.సి. తన ప్రధానజట్టు ఆటగాండ్రకును సిబ్బందికిని జీతములను నిరవధికముగా ఆపుచున్నట్లు ప్రకటించెను. దేశమునందలి మేలైన కొలువుల గతియే అట్లయ్యెను. మూడవది ఎక్కువమంది నడచు దారి: వైట్‌ఫీల్డు వైపు వ్యాయామశాలలలో ఉదయము ఆరు నుండి పది వరకు సాఫ్ట్‌వేరు ఉద్యోగుల పొట్టలు కరిగించి, సాయంకాలము పిల్లల ఫుట్‌బాల్ అకాడమీలో రెండు గంటలు పనిచేసి, నడుమ దొరకిన వేళ పరీక్షకు చదువుకొనుట. దానిని నేను తక్కువచేసి చెప్పను. ఊబకాయుడైన ఉద్యోగి మోకాలిని కాపాడుట నేర్చినవాడు వింగరు మోకాలిని కూడ కాపాడగలడు. పైగా ఓపిక అలవడును.

పాత మద్రాసు రోడ్డు ఇరువైపుల ఇంజనీరింగు కాలేజీలు, డిగ్రీ కాలేజీలు ఇన్ని ఉన్నవి. వానిలో చదువు తెలుగుపిల్లల సంఖ్య చిన్నది కాదు. ప్రతి కాలేజీయు ఒక్కొక్క దేహశిక్షకుని పోషింపలేకపోవచ్చును. ఇరుగుపొరుగు కాలేజీలు నాలుగు కలిసి ఒకనిని నియమించుకొనుట అసాధ్యము కాదు. దూరవాణినగరమున ఒకప్పుడు ఒక్క కర్మాగారము జట్టునంతను పోషించెను గదా. నియమించునపుడు మాత్రము అమెరికావారు ఆలస్యముగా, పిల్లల ప్రాణములు పణముగా నేర్చిన సంగతిని మనము మొదటనే కాగితము మీద పెట్టుకొనవలెను: ఇతడు జవాబు చెప్పునది జట్టు మేనేజరుకు కాదు, కాలేజీ వైద్యునికి, ఫైనలుకు ముందురోజైనను, యాజమాన్యపు బంధువు కుమారుడైనను, ఫలానివాడు రేపు ఆడరాదని ఇతడనినచో ఆ మాటను మార్చు హక్కు ప్రిన్సిపాలుకు కూడ ఉండదు. దానితోపాటు ఒక పెద్ద నీళ్లతొట్టి, పెండ్లిండ్లకు ఐసు తోలువాని ఫోను నంబరు.

అట్టి కాగితము మీద సంతకము చేసిన కాలేజీ ఏదైన ఈ పరిసరములలో ఉన్నచో, దాని పేరును వచ్చే ఆదివారము ఈ పుటలోనే అచ్చువేయుదుము.